కుంకుమ అంటిన అర గ్రాము

మా ఇంట్లో బరువైన వస్తువులకు కొదవ లేదు. మా అత్తగారి ఇత్తడి గుండిగ ఒకటుంది. దాన్ని పక్కకు జరపాలంటే అపార్ట్‌మెంటు సంఘం సమావేశమై తీర్మానం చెయ్యాలి. మా పెళ్ళినాటి ఇనప బీరువా ఉంది. దాని కింద గచ్చు కుంగిపోయి, కింది ఫ్లాటువాళ్ళ ఫ్యాను తల వంచుకుని తిరుగుతోందని నా అనుమానం. ఇవి కాక నేనున్నాను. అయినా మొన్న దసరాకు మా ఇంటిల్లిపాదినీ, పంజాగుట్టలో ఒక బంగారు కొట్టునూ, అమీర్‌పేటలో ఒక సెల్లారునూ కలిపి గడగడలాడించిన బరువు మాత్రం అర గ్రాము. అర గ్రామంటే ఎంతో మీకు తెలియాలి. మా అమ్మమ్మ కాలంలో బంగారాన్ని గురిగింజలతో తూచేవాళ్ళు. నాలుగు గురిగింజలు అరచేతిలో వేసుకుని కళ్ళు మూసుకోండి. ఏమైనా తెలుస్తోందా? తెలియదు. అదీ దాని బరువు.

ఆ అర గ్రాము పేరు పెల్లెట్. ఎయిర్ రైఫిల్‌లో వేసి పేల్చే సీసపు గుండు. ఆ రైఫిల్ మా ఆవిడది.

ఈ మాట చెప్పగానే మగవాళ్ళు నా భుజం తట్టి, "ఇంట్లో అంతా బాగానే ఉందా?" అని అడుగుతారు. బాగానే ఉంది. మా ఆవిడ ఈ లోకంలో ఒకే ఒక్క చోటికి గురిపెడుతుంది. అది నేను కాదు.

ఆమె పంజాగుట్టలో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తుంది. నాలుగేళ్ళ కిందట ఆఫీసు నుంచి ఇంటికొస్తూ ఉంటే మైత్రీవనం వెనక సందులో వాన పట్టుకుంది. ఆ సందులో వాన కురిస్తే నీళ్ళకంటే కోచింగ్ సెంటర్ల కరపత్రాలే ఎక్కువ ప్రవహిస్తాయి. తల దాచుకుందామని ఒక బిల్డింగు సెల్లారు మెట్లు దిగింది. ఆ బిల్డింగులో పై నాలుగంతస్తుల్లోనూ కంప్యూటరు కోర్సులే. కింద సెల్లారులో మాత్రం పది మీటర్ల షూటింగ్ రేంజ్. పైన వందమంది కుర్రాళ్ళు ఉద్యోగం వైపు, కింద పదిమంది కాగితం వైపు గురిపెడుతుంటారు. తగిలేది కిందవాళ్ళకే ఎక్కువ అంటాను నేను.

ఆ రేంజ్ నడిపేది సైన్యంలో పనిచేసి రిటైరై వచ్చిన పెద్దాయన. సొంతూరు మగ్గాలకు పేరుపడిన తెలంగాణ పట్నం. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. వానకు తడిసి గోడవారగా నిలబడ్డ మా ఆవిణ్ణి చూసి, "ఉత్తగ ఎంతసేపు నిలవడతవ్ చెల్లె, ఒకటి పేల్చి చూడు," అన్నాడట. ఈవిడ పేల్చింది. ఆయన కాగితం తెప్పించి చూశాడు. ఆమెను చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"ఇంతకుముందు యాడ నేర్చినవ్?"

"ఎక్కడా లేదండీ. ఇంట్లో అందరి సూదుల్లోనూ దారం నేనే ఎక్కిస్తాను."

అలా మొదలైంది. ఉస్తాద్ ఆమెను చెల్లె అన్నాడు కాబట్టి ఆ రోజు నుంచీ నేను బావనయ్యాను. అడక్కుండా వచ్చిన చుట్టరికం ఇంత గట్టిగా నిలబడటం నేనెక్కడా చూడలేదు.

ఆమె పేల్చడం మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. నా విషయంలో అది వార్త. ముందు ఒక జాకెట్ తొడుక్కుంటుంది. అది ఎంత బిరుసంటే, లోపల మనిషి లేకపోయినా దానంతటది నిలబడి టీ తాగగలదు. తర్వాత రైఫిల్ ఎత్తి, ఎడమ మోచేతిని నడుము మీద ఆనించి, చెంప దించుతుంది. అక్కడితో నా భార్య వెళ్ళిపోతుంది. మిగిలేది ఒక స్తంభం. పది మీటర్ల అవతల కాగితం మీద నల్లటి గుండ్రం, దాని నడిమధ్య ఒక తెల్లటి చుక్క. ఆ చుక్క పక్కన ఆవగింజ పెడితే అది గుమ్మడికాయలా కనిపిస్తుంది. ఇది మాత్రం పెంచి చెప్పడం కాదు, ఎవరైనా వచ్చి పెట్టి చూసుకోవచ్చు. మా ఆవిడ ఊపిరి సగం వదిలి ఆపుతుంది. వేలు కదిలినట్టు కనిపించదు. "టప్" అంటుంది. అంతే, చుక్క ఉండదు.

ముప్పై ఏళ్ళుగా నాతో కూర గురించీ, కరెంటు బిల్లు గురించీ మాట్లాడుతున్న మనిషిలో ఇంత నిశ్శబ్దం ఎక్కడ దాక్కుందో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

మా ఈడువాళ్ళకు విడిగా ఒక విభాగం ఉంది. ఏటా దసరాకు జరిగే రాష్ట్ర పోటీలో ఇన్ని పాయింట్లని ఒక గీత గీస్తారు. దాటినవాళ్ళు జాతీయ పోటీకి వెళ్తారు. అంతకుముందు ఏడాది ఆమె ఆ గీతకు ఒక్క పదో వంతు పాయింటు దూరంలో ఆగిపోయింది. కాగితం మీద ఆ దూరమెంతో ఉస్తాద్ చూపించాడు. చూపించాడన్నాను గానీ నాకు కనపడలేదు. "వచ్చే ఏడు చూద్దాంలే," అన్నాను నేను. అప్పుడు చెప్పింది, కుడికంట్లో శుక్లం మొదలైందని. పంజాగుట్ట కంటి డాక్టరు, వచ్చే ఏడు చలికాలం దాటేలోపు లెన్సు మార్చాలన్నాడట. మార్చాక కన్ను బాగానే కనిపిస్తుంది. కానీ ఆ కంటితో గురి మళ్ళీ ఓనమాల నుంచి దిద్దుకోవాలి. "ఈ కన్నుతో నాకు ఇంకొక్క దసరా ఉంది," అంది. మామూలుగా, పాలప్యాకెట్లు ఎన్ని మిగిలాయో చెప్పినట్టు చెప్పింది.

ఉస్తాద్ ఆమె పాత కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు. చాలాసేపు చూసి, "చెల్లె చెయ్యిల తప్పు లేదు బావా, గుండుల ఉన్నది," అన్నాడు.

పెల్లెట్లన్నీ ఒక్కలాగే ఉంటాయనుకునేవాణ్ణి. చూడటానికి ఒక్కలాగే ఉంటాయి కూడా: చదును తల, సన్నటి నడుము, వెనక బోలుగా గౌను అంచులాంటి పల్చటి అంచు. కానీ బరువులు వేరు. వీటిని గ్రెయిన్లలో కొలుస్తారు. గ్రెయినంటే అసలు ఒక బార్లీ గింజ బరువట. మన గురిగింజకు దూరపు చుట్టమన్నమాట. ఏడు గ్రెయిన్లవి, ఎనిమిదివి, ఆ మధ్యలోవి, ఆపైనవి. ఇందులో ఏది ఈ రైఫిల్‌కు సరిపోతుందో తేల్చాలి.

"మా పల్టన్ల గీ బాధ లేకుండె," అన్నాడు ఉస్తాద్. "సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ ఇచ్చిండ్రు. ఒకటి పేలిస్తే దాని గ్యాసే ఎనకకు తన్ని రెండోది ఎక్కిస్తది. గుండు బరువు, మందు జోరు దానికి కుదరాలె; కుదరకపోతే సగం ఎక్కి అలిగి కూసుంటది. గందుకే సర్కారు ఏ బరువిస్తే గదే. ఎంచుకునేటందుకు నువ్వెవడివి? గీడ అట్ల గాదు. ఒక్కొక్కటి నీ చేత్తోని ఎక్కిస్తవ్. ఏ బరువైనా ఎక్కుతది. కని ఏది ఇష్టమో రైఫిల్నే అడగాలె."

ఇనుమునడిగేదేమిటి, తెలివైన మొగుడు ఇంట్లో ఉండగా అనుకున్నాను. నా సిద్ధాంతం తేలిక. లోకంలో మంచి వస్తువేదైనా బరువుగానే ఉంటుంది. ఎర్రగడ్డ రైతుబజారులో నేను కొబ్బరికాయను చేత్తో ఎగరేసి, బరువైనదే పుచ్చుకుంటాను. పట్టుచీర బరువైతే మంచిది, బంగారం బరువైతే మంచిది. కాబట్టి రేంజ్‌లో నాలుగు రకాల పెల్లెట్లు రకానికి పిడికెడు చొప్పున పొట్లాలు కట్టించుకుని, మా ఆవిడ నగలన్నీ కొన్న పంజాగుట్ట బంగారు కొట్టుకు పోయాను.

కొట్టు సేటు కళ్ళజోడు పైకెత్తి, "ఏం సార్, సీసం తూసేటందుకు నా దుకాణమే దొరికిందా మీకు?" అన్నాడు. అంటూనే తూచాడు. అద్దాల పెట్టెలో కూర్చున్న త్రాసు అది. పక్కన ఎవరైనా నిట్టూరిస్తే అంకె మారుతుంది. తేలికదానికీ బరువుదానికీ తేడా ముక్కుపుడకలో రాయంత. బరువైన రకం రెండు డబ్బాలు కొని, యుద్ధం గెలిచిన రాజులా సెల్లారు మెట్లు దిగాను.

ఉస్తాద్ మా ఆవిడ రైఫిల్‌ను బల్లకు బిగించాడు, మనిషి చెయ్యి తగలకుండా. నేను తెచ్చినవి వరసగా పేల్చాడు. కాగితం చూస్తే ఉప్మాలో ఆవాలు చెదిరినట్టున్నాయి. మరీ తేలిక రకం పేల్చాడు. అవి పైకీ కిందికీ మెట్లెక్కి దిగాయి. మూడో రకం కొంచెం నయం. నాలుగోది, అటు బరువూ కాని ఇటు తేలికా కాని రకం. ఒకటి పేల్చాడు, చిల్లు పడింది. రెండోది పేల్చాడు, చిల్లు కనపడలేదు. మూడోది, నాలుగోది, అయిదోది... కొత్త చిల్లు పడదే! కాగితాన్నే వదిలేసి గోడకు కొడుతున్నాడేమో అనుకున్నాను. తెప్పించి చూస్తే అన్నీ ఆ ఒక్క చిల్లులోంచే దూరి వెళ్ళాయి.

మా ఆవిడ ఆ కాగితాన్ని ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుంది. పసిపిల్లకు చెవి కుట్టినట్టు ఒకే ఒక్క చిల్లు. అందులోంచి సన్నగా వెలుతురు ఆమె చెంప మీద పడింది. పైన నాలుగంతస్తుల పాఠాలు ఒక్క క్షణం ఆగిపోయాయని నేను ఒట్టేసి చెప్పగలను.

"ఇగో, దీనికి గిదే రుచి," అన్నాడు ఉస్తాద్, గొట్టాన్ని ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరి. "డబ్బా మీద నంబరు సుత చూసుకోవాలె చెల్లె. గదే కంపెనీ, గదే బరువైనా వేరే అచ్చుల పోస్తే వేరే రుచి. ఈ నంబరుది ఇంకొక్క డబ్బానే ఉన్నది. పాణం లెక్క దాసిపెట్టు."

ఆమె ప్రాణంలాగే దాచిపెట్టింది. ఇంట్లో తడి తగలని చోటు, ఎవరూ చెయ్యి పెట్టని చోటు ఏదా అని వెతికి వెతికి, దేవుడి గూటి కింది అరలో పెట్టింది.

ఇప్పుడు మా అత్తగారు. కాకినాడ మనిషి, కొన్నేళ్ళుగా మాతోనే ఉంటున్నారు. కూతురు రైఫిల్ పట్టుకుంటే ఊళ్ళోవాళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్న తల్లి ఆవిడ. ఆ దసరాకు రాష్ట్ర పోటీ ఆదివారం. అంతకుముందు గురువారం మహర్నవమి. ఆ పొద్దున మా ఆవిడ ఉస్తాద్ దగ్గర ఆయుధ పూజకు రేంజ్‌కు వెళ్ళింది, రైఫిల్ అక్కడే ఉంది. నేను కింద నా ఆయుధానికి, అంటే స్కూటరుకు, నీళ్ళు పోసి, పసుపు రాసి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, విజయగర్వంతో మెట్లెక్కి వచ్చాను.

దేవుడి ముందు వెండి పళ్ళెం నిండా దానిమ్మ గింజలు. ఎర్రగా, తడిగా, నిగనిగలాడుతూ. అత్తగారు కళ్ళు మూసుకుని నామాలు ముగిస్తున్నారు. నైవేద్యం అయిపోయింది కదా అని ఒక గింజ తీసి నోట్లో వేసుకోబోయాను. చల్లగా, గట్టిగా తగిలింది.

"అత్తయ్యగారూ, ఇవేంటండీ?"

"ఏంటంటే ఏం చెప్పను! అమ్మాయి గుళ్ళు. కుంకుమార్చన చేశాను. అష్టోత్తరం మొత్తం చదివాను, ఒక్క నామం వదల్లేదు."

"గుళ్ళకా?"

"మీరు స్కూటరుకి దండ వేసి నిమ్మకాయలు పెట్టారు. ఆదివారం పోటీలో నిలబడేది అదా, మీ స్కూటరా? ఉట్టి కుంకుమైతే రాలిపోతుందని కాస్త గంధం కలిపాను అల్లుడుగారూ. గట్టిగా పట్టేసింది చూడండి." ఆ గొంతులో ఎంత తృప్తి ఉందంటే, దాన్ని తూచాలంటే బంగారు కొట్టు త్రాసు చాలదు, రైల్వే వాళ్ళ త్రాసు కావాలి.

మా ఆవిడ వచ్చింది. పది మీటర్ల చుక్కను చూసే చూపుతో పళ్ళేన్ని చూసింది. ఆమె ఎగిరిపడుతుందని నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఎగరలేదు. "మంచి పని చేశావమ్మా," అని వంటింట్లోకి వెళ్ళి, గ్లాసెడు నీళ్ళు పట్టుకుని, తాగకుండా నిలబడింది. తర్వాత, "ఏవండీ, అన్నయ్యకు ఫోన్ చెయ్యండి," అంది.

ఫోన్లో ఉస్తాద్ సంగతంతా విని, "బావా, జర మల్ల చెప్పు. గుండ్లకు ఏం జేసిండ్రు?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. "నేను సుత పూజ చేసిన పొద్దుగాల. రైఫిల్‌కు దండ ఏసిన. పెట్టెకు బొట్టు వెట్టిన. పెట్టెకు, బావా! గుండుకు గాదు." ఫోన్లో బల్ల అరలు తెరిచి మూస్తున్న చప్పుడు. "సరే, ఫికర్ జెయ్యకుండ్రి. తీస్కొని రాండ్రి."

అత్తగారు తానూ వస్తానని పట్టుపట్టారు. తన పూజ ఎంత బాగా పేలుతుందో చూడాలని. ఉస్తాద్ కొన్ని గుళ్ళను గుడ్డతో తుడిచి, రైఫిల్ బల్లకు బిగించి పేల్చాడు. ప్రతి "టప్"కూ కాస్త ఎర్రటి పొడి గాల్లోకి లేచింది. కాగితం తెప్పించాడు. చిల్లులు నాలుగు మూలలా పరుగెత్తాయి. నల్ల గుండ్రం మీద చక్కగా కుంకుమ. టార్గెట్ కార్డుకు ఎవరో పేరంటానికి బొట్టు పెట్టి పిలిచినట్టుంది.

అత్తగారు ముందు ఆ బొట్టు చూసి చేతులు జోడించారు. తర్వాత కూతురి ముఖం చూశారు.

"ఎనక బోలు ఉన్నది గదమ్మా," అన్నాడు ఉస్తాద్ మెల్లగా. "దాన్ల గంధం ఎండితే సిమెంటే. ఒకదాన్ల ఎక్కువ, ఒకదాన్ల తక్కువ. గప్పుడు ఏ రెండు గుండ్లూ ఒక్క బరువుండయ్."

"అయితే నా వల్ల దాని పోటీ పోయినట్టేనా బాబూ?"

పైన ఎవరో క్లాసులో గట్టిగా నవ్వుతున్నారు. ఆ నంబరు డబ్బా ఈ ఊళ్ళో ఇంకెక్కడా లేదని ఉస్తాద్ అప్పటికే అందరికీ ఫోన్లు చేసి తేల్చుకున్నాడు. కడుగుదామంటే నీళ్ళకు లోపలి గంధం కరగడం లేదు. గుండుసూదితో గీకితే మెత్తటి సీసం గీసుకుపోతుంది. బ్రష్షు దూరదు. అంచు ఒక్కసారి వంగిందంటే ఆ గుండు పనికిరాదు.

అత్తగారు ఒక గుండును వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశారు. తర్వాత చేతిసంచీలోంచి దూది తీశారు. ఆవిడ సంచీలో ఎప్పుడూ దూది ఉంటుంది. బస్సులో, పెళ్ళిలో, ఆస్పత్రిలో ఎక్కడ కూర్చున్నా ఆవిడ వత్తులు చేస్తూనే ఉంటారు. ఆవిడ చేసిన వత్తుల్ని ఒకదానికొకటి ముడేస్తే మా అపార్ట్‌మెంటు నుంచి బేగంపేట పాత ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళి, విమానానికి చుట్టి, తిరిగి వస్తాయి. రెండు వేళ్ళ మధ్య దూది నలిగింది, చీపురు పుల్ల కొనకన్నా సన్నటి వత్తి పుట్టింది. కొన తడిపి బోలులోకి పంపి, గుండును కాదు, వత్తిని మెల్లగా తిప్పారు. ఎర్రగా బయటికొచ్చింది. ఇంకో వత్తి. గులాబీ రంగు. ఇంకో వత్తి. తెల్లగా.

ఉస్తాద్ భూతద్దం పెట్టి అంచు చుట్టూ చూశాడు. "అమ్మా," అన్నాడు, "మల్లొకటి చెయ్యి."

శుక్ర, శనివారాలు మా భోజనాల బల్ల మీద అన్నం పెట్టలేదు. గోరువెచ్చని నీళ్ళ గిన్నె, మల్లుగుడ్డ, దూది కొండ. విజయదశమి పండగంతా అలాగే జరిగింది. మా ఆవిడ గుళ్ళను నానబెట్టి అందిస్తుంది, అత్తగారు వత్తి తిప్పుతారు, నేను తెల్లబడ్డవాటిని గుడ్డ మీద ఆరబెడతాను. నేను ఒక్కటి కూడా కింద పడెయ్యలేదు. ఈ సంగతి చరిత్రలో ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను. ఒకసారి అత్తగారు, "నువ్వు నన్ను తిట్టవేంటే?" అన్నారు. "తిడితే చెయ్యి వణుకుతుందమ్మా," అంది ఈవిడ. "నీది కాదు, నాది."

శుభ్రమైతే సరిపోదు, ఏది పూర్తిగా శుభ్రమైందో తెలియాలి. కంటికి కనపడని గంధం బరువుకే దొరకాలి. శనివారం మధ్యాహ్నం అందరం సేటు కొట్టుకు పోయాం. పండగ మర్నాడు, కొట్టు కిటకిటలాడుతోంది. సేటు సంగతి విని తల పట్టుకుని, మా అత్తగారికి దండం పెట్టి, ఆ తర్వాత ఒక సేనాపతిలా లేచి నిలబడ్డాడు.

"ఏసీ బంద్ చెయ్యిండ్రి! ఫ్యాన్ బంద్! ఆ డోర్ జర మూసిపెట్టుండ్రి!"

పెళ్ళి నగలకొచ్చిన కుటుంబం ఒకటి చెమటలు కక్కుతూ చూస్తోంది. సేటు పట్టకారుతో ఒక్కొక్క గుండునూ అద్దాల పెట్టెలోకి దించుతున్నాడు. "పాస్... పాస్... గిది ఫెయిల్, లోపల ఉన్నదింకా... పాస్." ఆ పెళ్ళివారిలో ఒకావిడ మెడ సాచి, "ఏం రాళ్ళండీ అవి?" అంది.

"మస్తు కాస్ట్లీ అమ్మా, అమ్మేటివి గావు," అన్నాడు సేటు తల ఎత్తకుండా.

నేను ఆ అంకెల్నే చూస్తున్నాను. శుభ్రమైన గుండు ఎక్కిన ప్రతిసారీ చివరి అంకెతో సహా అదే బరువు. మళ్ళీ అదే. మళ్ళీ అదే. ఎక్కడో సముద్రాల అవతల ఎవరో అచ్చులో పోసిన సీసం. కుంకుమ పూసుకుని, గంధంలో మునిగి, వత్తులతో స్నానం చేసి, పంజాగుట్టలో ఊపిరి బిగబట్టిన జనం మధ్య, తన బరువును తాను మరిచిపోలేదు. జీవితమంతా ప్రతిదాన్నీ పెంచి చెప్పి బతికినవాణ్ణి నేను. రవ్వంత పెరగని, రవ్వంత తగ్గని ఆ అంకె ముందు నాకు గుళ్ళో నిలబడ్డట్టనిపించింది. పోటీకి కావలసిన అరవై, గురి సరిచూసుకోవడానికి మరికొన్ని, చేతిలో ఉండటానికి నాలుగు ఎక్కువ. అవి తేలాకగానీ సేటు ఏసీ వెయ్యనివ్వలేదు.

ఆదివారం పొద్దున ఊరి చివర రేంజ్. అత్తగారు హాల్లోకి రానన్నారు. బయట బెంచీ మీద కూర్చుని దూది తీశారు. నేనూ ఉస్తాదూ వెనక కుర్చీల్లో. మా ఆవిడ జాకెట్ తొడుక్కుంది, చెంప దించింది, వెళ్ళిపోయింది. స్తంభం మిగిలింది. ఆమె ముందు తెరమీద అంకెలు పడుతున్నాయి. నేను చదవడం మానేసి ఆమె జడ కొనను చూస్తూ కూర్చున్నాను. గంటకు పైగా ఆ జడ కొన కదల్లేదు. నా పక్కన ఉస్తాద్ మోకాలు మాత్రం మిషను కుట్టినట్టు ఆడుతూనే ఉంది. సైన్యం, సరిహద్దు, తుపాకులు అన్నీ చూసిన మోకాలు అది.

చివరి గుండు. గీత ఇటో అటో ఉందని ఉస్తాద్ నా చెవిలో చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది. ఆమె పెట్టెలోంచి ఒకటి తీసింది. గొట్టంలో పెట్టబోతూ ఆగింది. వెనక్కి తిప్పి, బోలులోకి చూసింది. చాలాసేపు చూసింది, నా లెక్కలో ఒక పుష్కరం. తర్వాత దాన్ని బల్ల అంచున విడిగా పెట్టి, ఇంకొకటి తీసి ఎక్కించింది. చెంప దించింది. సగం ఊపిరి.

టప్.

ఉస్తాద్ మోకాలు ఆగిపోయింది. "అయిపోయింది బావా," అన్నాడు. "దాటింది." కళ్ళు తుడుచుకుంటూ, "గీడ దుమ్ము ఎక్కువున్నది," అని కూడా అన్నాడు. ఆ హాలంత శుభ్రమైన చోటు హైదరాబాదులో ఇంకోటి లేదు. ఎంతలో దాటిందో నేను చెప్పను. చెప్పినా పెంచి చెప్పాననే అనుకుంటారు. నిజానికి ఆ అంకెను ఎంత పెంచినా చిన్నదిగానే ఉంటుంది. శీతాకాలంలో ఆ కన్నుతోనే జాతీయ పోటీకి వెళ్తుంది. తిరిగొచ్చాక డాక్టరు దగ్గరికి.

బయట బెంచీ దగ్గర మా ఆవిడ తల్లి ఒడిలోని వత్తుల కుప్ప పక్కకు జరిపి, ఆ విడిగా పెట్టిన గుండును ఆవిడ అరచేతిలో వేసింది.

"వెళ్తున్నావా పోటీకి?"

"వెళ్తున్నానమ్మా."

అత్తగారు చెంపలు వేసుకున్నారు. తర్వాత చేతిలోకి చూసి, "మరి దీన్నెందుకు వదిలేశావే?" అన్నారు.

"లోపల చూడు. కాస్త ఎరుపు మిగిలిపోయింది."

"ఇంత ఎరుపుకేనా?"

"అంత ఎరుపుకే."

ఆవిడ గుండును ఎండకెత్తి చూశారు. సేటు త్రాసును దాటుకుని, మా అందరి కళ్ళనూ దాటుకుని చివరిదాకా వచ్చిన ఎరుపు అది. "ఏమోనమ్మా. దీన్నే కాల్చి ఉంటే సరిగ్గా చుక్కలో పడేది. దీనికి నేను చదివిన నామం ఇంకా ఉంది."

"ఉండొచ్చమ్మా," అన్నాడు మా వెనకే వచ్చిన ఉస్తాద్, చేతులు కట్టుకుని. "కని రైఫిల్‌కు నామాలు తెల్వయ్. దానికి బరువొక్కటే తెలుసు."

అత్తగారు ఆ మాటకు ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. గుండును కొంగున ముడేసుకున్నారు. ఇప్పుడది దేవుడి గూట్లో ఆవిడ కుంకుమ భరిణెలో ఉంది. పొద్దున్నే దీపం పెట్టేముందు భరిణె అందించేది నేనే. అది మునుపటికంటే అర గ్రాము బరువెక్కింది. ఆ తేడా నా చేతికి తెలుస్తోందంటే ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు.